96 గంటలు బతికితే భయం లేనట్టేనా?

"96 గంటల్లో సగం చేపపిల్లలు చచ్చే మోతాదు లీటరుకు 100 మిల్లీగ్రాముల పైనే, కాబట్టి ఈ అద్దకం రంగుతో భయం లేదు" అని, అద్దకం రంగుకు చేపల మీద చేసిన పరీక్ష గురించి మీ వ్యాసంలో రాశారు. ఆ 'కాబట్టి' దగ్గరే నాకు పేచీ. ఎల్‌సీ50 (సగం చేపలు చచ్చే ఆ మోతాదు) లెక్కకు కావాల్సింది చావులు మాత్రమే. ఆ నాలుగు రోజులూ తొట్టిలో శుభ్రమైన నీళ్లు, అందులో ఒక్క రంగు, అంతే. మా నగరి పట్టణంలో అద్దకాల నుంచి వచ్చేది ఒట్టి రంగేనా సార్? నూలుకు రంగు పట్టాలని ఉప్పు, సోడా గుమ్మరిస్తారు. పట్టని రంగుతో పాటు అవీ కాలవలోకే. సోడా వల్ల నీళ్లలో క్షారం ఎక్కువైతే మొప్పలు పాడవడానికి రంగుతో పనే లేదు.

అన్ని రంగుల్నీ ఒకే గాటన కట్టడమూ సరికాదు. రియాక్టివ్ రంగులు (నూలుతో రసాయనికంగా కలిసిపోయేవి) వెంటనే చంపేది తక్కువ. మాలకైట్ గ్రీన్ లాంటి బేసిక్ రంగులైతే (నీళ్లలో ధనావేశం ఉండేవి) చాలా తక్కువ మోతాదుకే చేప పైకి తేలి, నోరు తెరిచి గాలి మింగుతూ మొప్పలు గబగబా కొట్టుకుంటుంది. ఇలాంటి లక్షణాలూ నమోదు చేయాలనే ఓఈసీడీ 203 (చేపల మీద విష పరీక్షకు అంతర్జాతీయ పద్ధతి) చెబుతోంది. వ్యాసంలో ఆ ఊసే లేదు.

ఈసారి రంగు పొడి పక్కనపెట్టి, కాలవ కుశస్థలి నదిలో కలిసేచోట నీళ్లు పట్టుకెళ్లి, శుభ్రమైన నీళ్లలో వేర్వేరు పాళ్లలో కలిపి రోహు చేపపిల్లల మీద చూడండి.