ఆ పై స్వరం ఒక్కటే కాదు, పాట మొత్తం వినండి

1977లో అంతరిక్షంలోకి వెళ్లిన రెండు వాయేజర్ నౌకల్లోనూ బంగారు పూత పూసిన రికార్డు ఒక్కోటి ఉంది. అందులోని 55 భాషల పలకరింపుల్లో మన తెలుగూ ఉందని మనలో చాలామందికి తెలుసు, చెప్పుకుని మురిసిపోతాం కూడా. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం కూడా అందులోనే ఉంది. పాశ్చాత్య ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, నుంచి మాత్రం ఆ రికార్డుకు ఎక్కింది ఒకే ఒక్క పాట. మోజార్ట్ జర్మన్ ఒపెరా 'మ్యాజిక్ ఫ్లూట్' రెండో అంకంలో రాత్రి రాణి అనే పాత్ర ఒక్కతే పాడే పాట, ఆరియా అంటారు, అది. పాడినావిడ ఎడా మోజర్. ఆర్కెస్ట్రా మ్యూనిక్‌లోని బవేరియన్ స్టేట్ ఒపెరాది, నడిపింది వోల్ఫ్‌గాంగ్ జవాలిష్. 1972 నాటి రికార్డింగ్. నిడివి మూడు నిమిషాలకు ఓ ఐదు సెకన్లు తక్కువ.

ఇంత చిన్న పాటను కూడా మనం పూర్తిగా వినడం లేదన్నదే నా బాధ. ఫోన్లలో తిరిగేది పది సెకన్ల ముక్క. రాణి గొంతు ఆకాశానికి ఎగిరి చిటికెలు వేసినట్టు పలికే ఆ కొసరు వినేసి, 'అబ్బ, ఎంత పైకి వెళ్లిందో' అనుకుని వేలితో పైకి తోసేస్తున్నాం. సంగీతం నేర్చుకుంటున్న మన పిల్లలు కూడా దీన్ని అలాగే చూస్తున్నారు, ఎవరు ఎంత పైకి పాడగలరన్న పందెంలా. ఆ స్వరం గొప్పది కాదని నేను అనను. పియానో మధ్య సి మీద ఉండే ఎఫ్ కంటే రెండు స్థాయిలు పైనున్న ఎఫ్ అది, ఇప్పటి శ్రుతిలో దాదాపు 1397 హెర్ట్జ్. కానీ ముందేం జరిగిందో తెలియకుండా ఆ స్వరాన్ని వింటే వినబడేది ఒక విన్యాసం మాత్రమే.

ముందేం జరిగిందంటే, తల్లి కూతురి చేతిలో కత్తి పెట్టింది. తన శత్రువు, మందిరపు పెద్ద పూజారి సరాస్ట్రోను చంపమంది. చంపకపోతే నువ్వు నా కూతురివే కాదంది. పాట మొదలయ్యేది డి మైనర్‌లో, అంటే డి స్వరం షడ్జంగా నడిచే మైనర్ వరుసలో, మన లెక్కలో రెండు శ్రుతి. పెద్ద ఉపోద్ఘాతమేమీ లేదు. తీగ వాయిద్యాలు వణుకుతూ ఎత్తుకోగానే రాణి అందుకుంటుంది, నరకపు పగ నా గుండెలో ఉడుకుతోందని. ఆ స్వరాలు వింటే కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ల చెవికి నఠభైరవి, కీరవాణి రాగాలు రెండూ తగులుతాయి. మైనర్‌లో నిషాదం పైకి వెళ్లేటప్పుడు ఒకలా, దిగేటప్పుడు ఇంకోలా ఉండటమే అందుకు కారణం.

ఇక అసలు సంగతి. అందరూ ముక్క కోసుకుని వినే ఆ పై ఎఫ్‌లు డి మైనర్‌లో రావు. అప్పటికి పాట ఎఫ్ మేజర్‌లోకి జరిగిపోయి ఉంటుంది. నఠభైరవిలో గాంధారాన్ని షడ్జం చేసుకుంటే శంకరాభరణం పుడుతుందని గ్రహభేదం నేర్చుకున్న పిల్లలకు తెలుసు. ఇక్కడ మోజార్ట్ చేసింది సరిగ్గా అదే, డి నుంచి ఎఫ్‌కు. 'నువ్వు నా కూతురివే కాదు' అన్న మాట మీద, అంత కర్కశమైన మాట మీద, స్వరాలు శంకరాభరణంలా విచ్చుకుంటాయి. వెలుగులాంటి ఆ స్వరాల మీద బిడ్డను తెంచుకునే తల్లి! ఆ పాటలో నన్ను భయపెట్టేది ఈ చోటే. పది సెకన్ల ముక్కలో ఇది ఎవరికీ తెలియదు, ఎందుకంటే డి మైనర్ చెవిలో ఉంటేనే ఎఫ్ మేజర్ రావడం తెలుస్తుంది. రెండో సగంలో పాట తిరిగి డి మైనర్‌కు చేరుతుంది. అక్కడ ఆ పై ఎఫ్ ఇక రాదు. రాణి మూడుసార్లు 'వినండి' అని దేవతలను పిలిచి ఒట్టు పెట్టి వెళ్లిపోతుంది.

గొంతును బట్టి శ్రుతి ఎంచుకునే మన పద్ధతి ఇక్కడ చెల్లదు. ఈ ఒపెరా పుట్టిన 1791 నాటి ట్రంపెట్లకు మీటలు లేవు. డి కోసం చేసిన ట్రంపెట్ డి వరుస స్వరాలే పలుకుతుంది, టింపనీలు అనే పెద్ద డోళ్లు కూడా ఆ శ్రుతికే బిగిస్తారు. కీ, అంటే పాట ఆధార శ్రుతి, మారిస్తే ఆ గర్జన పోతుంది. మోజార్ట్ ఈ పాట రాసింది తన భార్య అక్క జోసెఫా హోఫర్ గొంతు కోసం. ఆ రోజుల్లో శ్రుతి ఇప్పటికంటే కాస్త కిందే ఉండేది. పాత పద్ధతి వాయిద్యాలతో చేసే రికార్డింగుల్లో 'ఏ' స్వరాన్ని 440 హెర్ట్జ్ బదులు 430 దగ్గర పెట్టుకుంటారు, అంటే అర స్వరంలో దాదాపు సగం కింద. వింటే డి మైనరే గానీ రంగు కొద్దిగా ముదురుగా ఉంటుంది.

టెంపో, అంటే పాట నడిచే వేగం, విషయానికొస్తే మోజార్ట్ పెట్టిన సూచన 'అలెగ్రో అస్సాయి', బాగా వేగంగా అని. మోజర్ రికార్డింగ్ నిమిషానికి సుమారు 140 దెబ్బల దగ్గర నడుస్తుంది. యాప్‌లు ప్రతి పాటకూ ఒక టెంపో అంకె, ఒక కీ పేరు తగిలిస్తాయి. ఇలాంటి లెక్కలో 140ని 70 అని చూపించడం కూడా మామూలే. అంకె సరిగ్గా ఉన్నా అది చెప్పేది తక్కువ. ఈ రికార్డింగ్‌లో జవాలిష్ తాళాన్ని బిగించి పట్టుకున్నాడు, మోజర్ ఎక్కడా ఊపిరి కోసం అడిగినట్టు ఉండదు. చాలామంది పై స్వరాల కోసం శక్తి దాచుకుని మొదటి పంక్తులను మెత్తగా పాడేస్తారు. మోజర్ మాత్రం 'చావు, నిరాశ' అన్న మాటల దగ్గరే హల్లులను పళ్లతో కొరికినట్టు పలుకుతుంది. గొంతులో కాస్త లోహపు కరుకుదనం ఉంది, కొందరికి అది నచ్చదు. నా దృష్టిలో ఈ పాటకు కావలసింది అదే. ఇంతకంటే వేగం పెంచిన రికార్డింగులు విన్నాను. మాటలు నలిగిపోయి సర్కస్ మిగిలింది.

టెంపో, కీ రెండూ ఎంత ముఖ్యమో ఆ బంగారు రికార్డు తయారు చేసినవాళ్లకు బాగా తెలుసు. దాని మీద ఎలా తిప్పాలో బొమ్మగా చెక్కారు. నిమిషానికి 16⅔ చుట్లు, అంటే ఒక చుట్టుకు 3.6 సెకన్లు. ఏ లోకంలోనో వినేవాళ్లకు మన సెకను తెలియదు కాబట్టి, ఆ కాలాన్ని హైడ్రోజన్ పరమాణువులో జరిగే ఒక మార్పు సమయంతో కొలిచి చెప్పారు. రెట్టింపు వేగంతో తిప్పితే టెంపో రెట్టింపవుతుంది, గొంతు ఒక స్థాయి పైకి పోతుంది. కొంచెం తేడాగా తిప్పితే డి మైనర్ ఇంకేదో అవుతుంది. ఎవరో తెలియని శ్రోతల కోసమే అంత జాగ్రత్త తీసుకున్నారు. ఇక్కడ మాత్రం రీల్స్ కోసం అదే పాటను వేగం పెంచి వదులుతున్నారు.

ఆ ముక్కలో పోయేది మరొకటుంది, జవాబు. రాణి వెళ్లిపోయాక కాసేపటికి సరాస్ట్రో వస్తాడు. ఈ పవిత్ర మందిరంలో పగ అన్నది ఎరుగమని పాడతాడు. రాణి మొదటి పంక్తిలోనే పగ ఉంది, ఇతని జవాబు దాని మీదే. కీ ఇ మేజర్, నడక లార్గెట్టో, నిదానం. అదే 1972 రికార్డింగ్‌లో దాన్ని కుర్ట్ మోల్ పాడాడు. నేలలోంచి వచ్చినట్టుండే ఆ బాస్ గొంతు, మగ గొంతుల్లో అన్నిటికంటే కిందిది, విన్నప్పుడే రాణి ఎంత పైకి ఎగిరిందో నిజంగా తెలుస్తుంది.

మన అసోసియేషన్‌లో త్యాగరాజ ఆరాధన ప్రతి ఏడూ శ్రద్ధగా చేస్తాం. సంగీతం నేర్పే గురువులూ, వీణ, వయొలిన్ వాయించే పిల్లలూ మనకు ఉన్నారు. వాళ్లతో ఒక సాయంత్రం కూర్చుని ఈ రెండు పాటలూ వరసగా వినిపించాలని కమిటీని కోరుతున్నాను. రెండూ కలిపినా పది నిమిషాలు పట్టవు. ముందు కథ రెండు ముక్కల్లో చెప్పి, మాటల అర్థం కాగితం మీద ఇవ్వాలి. తర్వాత గురువుల్లో ఒకరు నఠభైరవి పాడి, గాంధారం దగ్గర ఆగి, అక్కణ్ణుంచి శంకరాభరణం ఎత్తుకుంటే చాలు. ఆ వెంటనే మోజర్‌ను పెట్టాలి, మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆపకుండా.