పొత్తు ధర్మం

మొక్కజొన్న కండెకు పొత్తు అని పేరు పెట్టినవాడెవరో రాజకీయాల్లో బాగా నలిగినవాడై ఉండాలి. మొక్క నుంచి తుంచిన గడియ నుంచే గింజలోని చక్కెర పిండిపదార్థంగా మారిపోతుంటుంది. అంటే పొత్తు చేతికి వచ్చిన రోజే తీపి తగ్గడం మొదలు. వేడి తగిలితే తొందరగా, ఫ్రిజ్‌లో పెడితే కాస్త నిదానంగా. అందుకే తెచ్చిన రోజే వండుకోమంటారు. మా ఇంట్లో మొదటి రోజు సంప్రదింపులు, రెండో రోజు వాయిదా, మూడో రోజు పొయ్యి.

లేత స్వీట్‌కార్న్‌కు మరిగే నీళ్లలో 5 నిమిషాలు చాలు. ఈ రహస్యం బయటికి పొక్కితే వంటింటి పరువేం కాను? 5 నిమిషాల్లో అయిపోయేదాన్ని వంట అని ఎవరొప్పుకుంటారు? ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి మా మామగారు ఆరు విజిళ్ల సిద్ధాంతం ప్రతిపాదించారు.

"మూడు విజిళ్లకు గింజ ఉడుకుతుందయ్యా, కాదనను. లోపలి బెండు సంగతేంటి?"

"బెండు మనం తినం కదా మామయ్యగారూ?"

"పునాది పచ్చిగా ఉంటే పైన భవనం నిలుస్తుందా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ముదిరిన మామూలు మొక్కజొన్న అయితే అరగంట అడిగినా ఇవ్వాల్సిందే. గోరుతో గుచ్చితే పాలు చిమ్మే లేత కండెకు ఆ శిక్ష దేనికని అడిగి చూశాను. చట్టం ముందు అందరూ సమానమే అన్నారు.

ఉప్పు దగ్గర ఇల్లు రెండుగా చీలింది. నీళ్లలో వేస్తే గింజతోలు బిరుసెక్కుతుందని మా ఆవిడ, వేయకపోతే చప్పగా చస్తుందని ఆవిడ తండ్రి. ఉడికాక పైన రాసుకోవచ్చన్న నా సవరణ వీగిపోయింది. చివరికి సగం ఉప్పు వేశారు. ఇద్దరికీ నచ్చలేదు కాబట్టి న్యాయం జరిగినట్టే.

విజిళ్ల కోసం ఎదురుచూస్తూ, ఒలిచిన ఒక కండె వరసలు లెక్కపెట్టాను: 16. ఏ కండెలోనైనా సాధారణంగా సరిసంఖ్యే వస్తుంది. పీచులో ఒక్కో పోగూ ఒక్కో గింజది. పుప్పొడి దానిమీద పడితేనే గింజ కడుతుంది. అన్ని వందల పోగులకు ఒక్కో బాధ్యత అప్పగించిన ప్రకృతి, వాటిని ఒలిచే బాధ్యత మాత్రం మొత్తం నాకే ఎందుకు అప్పగించిందో!

విసుగొచ్చి ఇంకా ఒలవని మరో కండెను పొట్టుతోనే మైక్రోవేవ్‌లో 4 నిమిషాలు పెట్టాను. గుడ్డతో పట్టుకుని, తొడిమ వైపు లావుపాటి ముక్క కోసేసి, పీచు కొస పట్టి పిండితే కండె ఒక్కటే జారి పళ్లెంలో పడింది. ఒంటిమీద దాదాపు పోగు లేదు. మామగారు కళ్లజోడు సవరించుకుని దాన్ని అనుమానంగా చూశారు.

"ఇంత సులువుగా వచ్చిందంటే ఎక్కడో తేడా ఉంది."

విచారణ సాగుతుండగా కుక్కర్ నాలుగో విజిల్ వేసింది. ఈలోగా మా వాడు వివాదాస్పద వస్తువును తినేసి, బెండు తెచ్చి తాతయ్య చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని బొటనవేలితో నొక్కి చూసి, విజయగర్వంతో నావైపు తిరిగారు.

"చెప్పలేదూ? ఇంకా పచ్చిగానే ఉంది."