ఆయా పడితే రాసే పుస్తకం ఏదీ?

వృద్ధాశ్రమాల్లో తెల్లవారకముందే స్నానాలు మొదలవుతాయి. ఒక్క ఆయా నలుగురైదుగురిని లేపాలి, స్నానాల గదికి నడిపించాలి, తడి ఒంటితో ఉన్నవాళ్లను మళ్లీ మంచం దాకా చేర్చాలి. సరిగ్గా ఆ వేళకే నడవాలో ఫినాయిల్ నీళ్లు పడతాయి. కింద నున్నటి టైల్స్, కాళ్లకు అరిగిపోయిన హవాయి చెప్పులు. చేతిలో బకెట్ ఉంటే వదిలేసి గోడ పట్టుకోవచ్చు. ఆమె చేతిలో ఉన్నది మనిషి. అందుకే కాలు జారినప్పుడు పెద్దావిడ కిందపడకుండా తన ఒళ్లే అడ్డం పెడుతుంది. మణికట్టు విరిగేది, నడుం పట్టేసేది అక్కడే.

ఆస్పత్రిలో రోగి జారిపడితే లెక్క ఉంటుంది. నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ఆ లెక్క అడుగుతుంది. అడగాల్సిందే. అదే నేల మీద ఆయా పడితే మాత్రం "చూసుకుని నడవొద్దా?" అన్న మందలింపే మిగులుతుంది. ఏజెన్సీ పంపిన మనిషైతే మర్నాడు ఆ డ్యూటీకి ఇంకొకరు వస్తారు. ఆ భయంతోనే నొప్పి దాచుకుని, కట్టు కట్టుకుని పనిలోకి దిగుతారు.

చట్టం ఆమెను పూర్తిగా మరచిపోలేదు. ఈఎస్‌ఐలో నమోదైన, నెల జీతం 21,000 రూపాయలు మించని ఉద్యోగి పనిలో గాయపడితే, కోలుకునేదాకా జీతంలో 90 శాతం అందుతుంది. అయితే ప్రమాదాన్ని యజమాని రిజిస్టరులో రాయాలి. రాయకపోతే అది "ఇంట్లో పడింది" అయిపోతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్, కాళ్ల కింద జారే పదార్థాలు ఉండకూడదని ఏనాడో చెప్పింది. ఆశ్రమం ఫ్యాక్టరీ కాదు కనుక ఆ రక్షణ ఆయా దాకా రాలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ పదిమంది, ఆపైన కార్మికులున్న సంస్థలకు వర్తిస్తుంది. అది మంచి మార్పే. కానీ అద్దె ఇంట్లో ఆరుగురు సిబ్బందితో నడిచే ఆశ్రమం మళ్లీ బయటే ఉండిపోయింది. ఎత్తు గడపల బాత్‌రూములు, ఇరుకు మెట్లు ఉండేది అలాంటి ఇళ్లలోనే.

స్నానాలు అయ్యాకే నడవా కడగడానికి పైసా ఖర్చు లేదు. గరుకు టైల్స్, గోడకు కడ్డీ, జారని చెప్పులు యజమానులే సమకూర్చాలి. లేవలేని మనిషిని ఒక్కరి చేత ఎత్తించడం నైట్ డ్యూటీలో కూడా మానాలి. తనిఖీకి వెళ్లే అధికారులు పడకలు లెక్కపెట్టి తిరిగి రాకుండా ప్రమాదాల రిజిస్టరు తెరిపించాలి. సంస్థ చిన్నదైనా, ఏజెన్సీ మనిషైనా, పడిన ఆయా పేరు, పడిన చోటు, వేళ అందులో ఉండాలి.