జీవో మారినప్పుడు ఎవరి చదువు ఆగుతోంది?

ఫీజు రీయింబర్స్‌మెంట్ నిబంధన మారిన ప్రతిసారీ ప్రభుత్వాలు ఖజానా లెక్కే చెబుతాయి. ఎన్ని కోట్లు విడుదల చేశాం, ఎన్ని కోట్ల బకాయి తీర్చాం అంటాయి. ఆ మార్పుతో ఎవరు కాలేజీ మానేశారో మాత్రం చెప్పవు. ఆ లెక్క తీయాలని, అదీ జీవో ఇచ్చాక కాదు, ఇవ్వకముందే తీయాలని మేం అడుగుతున్నాం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవారికి ఈ సాయం ఆపేశారు. కాగితం మీద ఇది అందరికీ ఒకే నిబంధన. కానీ ఇళ్లలో జరిగేది వేరు. ఊరికి దగ్గర్లోని ప్రైవేటు కాలేజీకి రోజూ బస్సులో వెళ్లొచ్చి ఎమ్మెస్సీ చదువుదామనుకున్న అమ్మాయికి ఆ దారి మూసుకుపోతే ఇక మిగిలింది దూరంగా ఉన్న యూనివర్సిటీ, అక్కడ హాస్టలు. అబ్బాయినైతే అప్పు చేసైనా పంపే ఇంట్లోనే అమ్మాయికి 'డిగ్రీ చాల్లే' అంటారు, ఆ వెంటనే సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఈ సంగతి తెలియనివాళ్లెవరూ మన సచివాలయాల్లో ఉండరు. తెలిసి కూడా జీవోలో రాయకపోవడమే మా బాధ.

తెలంగాణలో ఇంజినీరింగ్ సంగతీ చూడండి. బీసీ, ఈబీసీ విద్యార్థుల్లో కొందరికి మినహాయింపులున్నా, ఎక్కువమందికి ప్రవేశ పరీక్షలో ర్యాంకు 10 వేల లోపు వస్తేనే పూర్తి ఫీజు, దాటితే ఏడాదికి 35 వేల రూపాయలే. లక్షలు పోసి కార్పొరేట్ కాలేజీలో కోచింగ్ తీసుకున్నవారికి అందే ర్యాంకు, మండల కేంద్రంలోని చిన్న కాలేజీలో ఇంటర్ చదివినవాడికి ఎంత కష్టపడితే అందుతుంది? మిగతా ఫీజు కట్టలేనివాడికే సాయం తగ్గుతోంది!

ఇక డబ్బు వేసే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరం ఫీజుల నుంచి తల్లుల ఖాతాల్లో వేశారు, తర్వాత తల్లీబిడ్డల జాయింట్ ఖాతా అన్నారు, ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీలకే అన్నారు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 2020 డిసెంబరులో కేంద్రం 60:40 వాటా తెచ్చింది. రాష్ట్రం తన 40 శాతం ఇచ్చాకే కేంద్రం 60 శాతం విద్యార్థి ఖాతాలో పడుతుంది. మధ్యలో దళారీలు ఉండకూడదన్న ఉద్దేశం మంచిదే, కాదనం. అయితే రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండు వాటాలూ ఆగుతాయి, కాలేజీ మాత్రం ఆగదు, ముందు ఫీజు కట్టు, లేకపోతే హాల్ టికెట్ లేదు, టీసీ లేదు అంటుంది. ఆ టెన్షన్ పడేది కూలికి వెళ్లే తల్లిదండ్రులు.

ఇంగ్లండ్‌లో సమానత్వ చట్టం 2010 ప్రకారం, నిర్ణయం తీసుకునే ముందు అది మహిళలు, వికలాంగులు, మైనారిటీ జాతులవారిపై ఎలా పడుతుందో ప్రభుత్వ సంస్థలు ఆలోచించి తీరాలి. అలాగని అక్కడ తప్పులు జరగలేదని కాదు. 2013లో 24 ఏళ్లు నిండినవారి పైస్థాయి వృత్తి కోర్సులకు, పని చేస్తూ నేర్చుకునే అప్రెంటిస్‌షిప్‌లకు గ్రాంటు తీసేసి రుణం పెట్టారు. అప్పు తీసుకుని అప్రెంటిస్‌గా చేరడానికి చాలా కొద్దిమందే ముందుకొచ్చారు, ఏడాది తిరక్కుండానే అప్రెంటిస్‌షిప్‌లకు రుణం ఎత్తేశారు. దరఖాస్తుల లెక్క బయటికి వచ్చింది కాబట్టే తప్పు అంత త్వరగా తెలిసింది.

మన దగ్గర ఆ వివరాలు లేక కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుల వెబ్‌సైట్లయిన తెలంగాణ ఈ-పాస్‌లో, ఆంధ్రప్రదేశ్ జ్ఞానభూమిలో ప్రతి విద్యార్థి కులం, కోర్సు, కాలేజీ, జిల్లా అన్నీ నమోదై ఉన్నాయి. నిరుడు సాయం అందుకుని ఈ ఏడాది రెన్యువల్ చేసుకోనివారు ఎవరో, వారిలో అమ్మాయిలు, ఎస్టీలు, వికలాంగులు ఎంతమందో జిల్లాలవారీగా తీయడం పెద్ద పనేం కాదు. ఇకపై నిబంధన మార్చే ప్రతి జీవోకూ ఆ లెక్క ఒక పేజీగా జతచేయాలి, అడ్మిషన్ల కౌన్సెలింగ్ మొదలవడానికి ముందే అది వెబ్‌సైట్‌లో ఉండాలి. ఏ కాలేజీలో చేరాలో కుటుంబాలు తేల్చుకునేది అప్పుడే.