మయుడికీ మాయన్లకీ చుట్టరికం లేదు బాబాయ్

మొన్న ఫ్యామిలీ గ్రూపులో మళ్లీ అదే ఫార్వర్డ్. మెక్సికోలోని మెట్ల పిరమిడ్ ఫొటో, పక్కన మయసభ బొమ్మ, కింద "మయుడి వారసులే మాయన్లు, అందరికీ పంపండి" అని. పంపింది మా బాబాయి, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన్ని ఏమీ అనలేక ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

పేర్లు కలిస్తే చుట్టరికం కలిసిపోతుందా? అలాగైతే చిలీ దేశం వాళ్లంతా చిలకలూరిపేట నుంచి వలస వెళ్లినవాళ్లే. మాయాలంటే మెక్సికో, గ్వాటెమాల ప్రాంతపు ఆదివాసీ జనం. మాయా అనే మాట మెక్సికోలోని యుకటాన్‌లో ఉన్న మాయపాన్ అనే పాత నగరం పేరుతో ముడిపడింది. మయుడితో పనిలేదు. నిజానికి లెక్కల మాస్టారు పంపాల్సిన విషయం వేరే ఉంది. మాయాలు ఇరవైల లెక్కలో, చుక్కలూ గీతలతో అంకెలు రాసేవాళ్లు. సున్నాకి గవ్వలాంటి గుర్తు పెట్టుకున్నారు, అదీ మన ప్రమేయం లేకుండా, సొంతంగా. ఈ ముక్క చెబితే మనవాళ్లకి ఎందుకో రుచించదు.

2012 డిసెంబర్ 21 గుర్తుందా? మాయా క్యాలెండర్ ప్రకారం యుగాంతం అని టీవీల్లో ఎంత గోల! అప్పుడు జరిగిందల్లా, ఆ క్యాలెండర్‌లో ఒక్కోటి 1,44,000 రోజులుండే కాలచక్రాల్లో పదమూడోది పూర్తవడం. మన అక్షయ నామ సంవత్సరం అయిపోతే ప్రభవ వస్తుంది. దానికెవరైనా టెన్షన్ పడ్డారా?

ఇక నాకు ఒళ్లు మండే మాట "అంతరించిపోయిన మాయన్లు". తొమ్మిదో శతాబ్దంలో కరువులు, యుద్ధాలు కమ్ముకొచ్చి తికాల్, కోపాన్ లాంటి మాయాల దక్షిణాది నగరాలు ఖాళీ అయిన మాట నిజమే. నగరాలు పాడుబడ్డాయి గానీ జనం ఉన్నారు. వాళ్ల చివరి రాజ్యం నోజ్‌పెతేన్ స్పెయిన్ చేతికి చిక్కింది 1697లో, మన గోల్కొండ ఔరంగజేబు వశమైన పదేళ్లకి. ఇవాళ గ్వాటెమాల, మెక్సికో, బెలీజ్‌లలో 60 లక్షలకు పైగా ఉన్నారు. కిచే, మామ్, కక్చికెల్ అంటూ దాదాపు 30 భాషలు మాట్లాడుతున్నారు. అంతరించడమంటే ఇదేనా?

వాళ్ల వంటిల్లు చూడండి. ఎండు మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా అలాగే వదిలేస్తారు. అవును, మనం తమలపాకుకి రాసే సున్నం లాంటిదే. తెల్లారేసరికి పొట్టు వేళ్లకి ఊడొచ్చేస్తుంది. కడిగి, రాతి మీద నూరితే ముద్ద అవుతుంది. మెక్సికోలో ఆ ఉడికించిన గింజని నిష్తమాల్ అంటారు. ముద్దని అరచేతుల మధ్య తట్టి పెనం మీద వేస్తే రొట్టె. సున్నం పెట్టకపోతే మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు. యూరప్ వాళ్లు గింజని పట్టుకెళ్లారు, సున్నం సంగతి అక్కడే వదిలేశారు. ఫలితంగా మొక్కజొన్న మీదే బతికిన ఇటలీ పేదలకి చర్మం పగిలి, మతి చెడే పెల్లాగ్రా జబ్బు పట్టింది. ఇన్ని తరాలుగా మాయా అవ్వలు ఏ పుస్తకమూ చూడకుండా చేస్తున్న పని ఈ సున్నం వంట. గ్రహాంతరవాసులు పిరమిడ్లు కట్టారనేవాళ్లు ఈ సున్నం నీళ్ల సంగతి ఎందుకెత్తరో!

నేత సంగతీ అంతే. మగ్గం ఒక కొస చెట్టుకో స్తంభానికో కడతారు, రెండో కొస పట్టీతో నడుముకి. మనిషి వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకి వంగితే వదులవుతుంది. మగ్గంలో సగం మనిషే. గ్వాటెమాలలోని సల్కహా ఊళ్లో అయితే దారాన్ని ముందే ముడులు కట్టి అద్దకం చేసి నేస్తారు, మన పోచంపల్లి, పుట్టపాక చిటికి పనిలాగే. గొడవలు కూడా ఒకటే. మిషన్ మీద అచ్చేసిన నకళ్లు చవగ్గా వచ్చేస్తున్నాయి. మా డిజైన్లు మావేనని ఒప్పుకోండంటూ అక్కడి నేత ఆడవాళ్లు కోర్టుకెక్కారు.

కోర్టు అంటే ఇంకోటి గుర్తొస్తోంది. గ్వాటెమాలలో 1960 నుంచి 1996 దాకా నడిచిన అంతర్యుద్ధంలో రెండు లక్షల మంది చనిపోవడమో, గల్లంతవడమో జరిగింది. వివరాలు తేలిన బాధితుల్లో 83 శాతం మాయా జనమేనని నిజనిర్ధారణ కమిషన్ 1999లో తేల్చింది. మన యుగాంతం గోల చల్లారిన మూడు నెలలకి, 2013 మార్చిలో, మాజీ సైనిక పాలకుడు రియోస్ మోంట్‌పై జాతి హననం కేసు విచారణ మొదలైంది. ఇషిల్ అనే మాయా తెగకి చెందిన 1,771 మంది హత్యలు ఆ కేసులో ఉన్నాయి. ఇషిల్ ఆడవాళ్లు శాలువాలతో ముఖాలు కప్పుకుని వచ్చి, సైనికులు తమని ఏం చేశారో చెప్పారు. మే 10న 80 ఏళ్ల శిక్ష పడింది. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. మళ్లీ విచారణ నడుస్తుండగానే 2018లో ఆయన ఇంట్లోనే పోయాడు.

ఈ కేసు మీద మన చానళ్లలో ఒక్క చర్చ కూడా నా కంటపడలేదు బాబాయ్. నువ్వేమైనా చూశావా?