చేతి నొప్పికి సూది వేసే ముందు కసరత్తు నేర్పండి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో చేతి నొప్పి ఏదైనా చివరికి ‘నరాల బలహీనత’ కింద జమ అవుతుంది. మణికట్టు లాగినా, మోచేయి సలిపినా, అర్ధరాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చినా అదే మాట. ఆర్‌ఎంపీ దగ్గర ఒక బి-కాంప్లెక్స్ సూది, ఓ వారానికి నొప్పి బిళ్లలు. తగ్గకపోతే బరంపురం పెద్దాసుపత్రికో, పాతపట్నం మీదుగా శ్రీకాకుళానికో ప్రయాణం. అక్కడ డాక్టరు చూసి చివర్లో ‘చేతికి ఎక్సర్‌సైజ్ చెయ్యండి’ అంటారు. ఏది, ఎన్నిసార్లు, ఎన్ని వారాలు, నొప్పి పెరిగితే ఆపాలా వద్దా అన్నది చాలామందికి తెలియకుండానే ఇంటికొస్తారు. మోతాదు రాయకుండా బిళ్ల పేరొక్కటే రాసిన చీటీని మనం ఒప్పుకుంటామా?

ఖర్చు లేని ఈ వైద్యం పని చేయాలంటే మొదట ఎవరో ఒకరు దగ్గర కూర్చుని, రోగి మాట్లాడే భాషలో, చేసి చూపించాలి. ఇంట్లో సొంతంగా చేసుకోమనడం వేరు, వాళ్ల మానాన వాళ్లను వదిలేయడం వేరు.

ఈ నొప్పులు పడేవాళ్లెవరు? జీడి పిక్కలు కొట్టి పప్పు వలిచే ఆడవాళ్లు, బరంపురం పట్టు మగ్గాల మీద కూర్చునేవాళ్లు, రాయగడ పొలాల్లో పత్తి ఏరేవాళ్లు, కుట్టుమిషను వాళ్లు, చంటిపిల్లల తల్లులు. వాళ్లకు ‘చేతికి విశ్రాంతి ఇవ్వండి’ అని చెప్పడమంటే కూలి మానుకోమనడమే. పైగా మోచేతి బయటి వైపు నొప్పికి ఒట్టి విశ్రాంతి సరిపోదు. అక్కడ కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు మళ్లీ బలపడాలంటే కొద్దికొద్దిగా బరువు పడుతూ ఉండాలి. ఆ పని నెమ్మదిగా, వారాల లెక్కన జరుగుతుంది. మూడు రోజులు చేసి ‘తగ్గలేదు’ అని మానేసినవాళ్ల తప్పు లేదు, ఆ మాట వాళ్లకెవరూ చెప్పలేదు.

నొప్పి చోట వేసే స్టెరాయిడ్ సూదితో హాయి త్వరగా వస్తుంది, నిజమే. అయితే ఈ మోచేతి నొప్పికే ఆస్ట్రేలియాలో 165 మంది మీద జరిగిన పరిశోధన 2013లో ‘జామా’ అనే వైద్య పత్రికలో వచ్చింది. స్టెరాయిడ్ సూది తీసుకున్నవాళ్లలో ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టింది 54 శాతం మందికి. మందు లేని ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లలో 12 శాతం మందికే. మా వైపు ఈ సూది వేయించుకునే ప్రతి ఒక్కరికీ ముందుగా చెప్పాల్సిన లెక్క ఇది.

కసరత్తు గురించీ ఉన్నదున్నట్టు చెప్పాలి. బ్రిటన్‌లో కీళ్లవాతం వల్ల చేతులు దెబ్బతిన్న 490 మందితో చేసిన ‘సారా’ పరిశోధన ఫలితాలు 2015లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి. వాళ్లలో కసరత్తు చేసినవాళ్లను థెరపిస్టు కొద్దిసార్లు మాత్రమే చూశారు, మిగతాదంతా ఇంట్లోనే. ఏడాది తర్వాత చూస్తే వాళ్ల చేతి పనితనంలో వచ్చిన మెరుగుదల, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో వచ్చినదానికి రెట్టింపు పైమాటే. నొప్పిలో మాత్రం పెద్ద తేడా రాలేదు. బిందె ఎత్తగలగడం, గుండీ పెట్టుకోగలగడం కూడా లాభమే అని ముందే చెబితే మనిషి మధ్యలో నిరాశపడి మానెయ్యడు. వేలి కీళ్లు అరిగినవాళ్లకు దొరికే మేలు ఇంకా చిన్నది. మణికట్టులో నరం నొక్కుకుపోయి బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లు రాత్రిళ్లు తిమ్మిరెక్కేవాళ్లకు వేళ్ల కసరత్తుకంటే, పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవడం ముందు. చంటిబిడ్డను ఎత్తుకునే తల్లికి బొటనవేలి మొదట్లో జివ్వుమంటుంటే, బిడ్డ చంకల కింద బొటనవేళ్లు చాపి లేపకుండా, బిడ్డ ఒంటి కింద అరచేతులు పెట్టి ఎత్తడం నేర్పాలి.

మోచేతి నొప్పికి కావలసిన సామాను ఒక లీటరు నీళ్ల సీసా. ముంజేయి బల్ల మీద ఆనించి, మణికట్టు అంచు బయట ఉండేలా, అరచేయి నేలకేసి చూసేలా పెట్టాలి. సీసాలో పావు వంతు నీళ్లు పోసి పట్టుకుని, రెండో చేత్తో సాయంపట్టి పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తో మాత్రం నాలుగు లెక్కపెడుతూ నిదానంగా దించాలి. పదేసి చొప్పున మూడు దఫాలు, మధ్యలో కాస్త ఆగుతూ. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి పుడితే భయపడక్కర్లేదు. మర్నాడు పొద్దునకు మునుపటికంటే ఎక్కువుంటే నీళ్లు తగ్గించాలి. తేలిగ్గా అనిపిస్తే రెండు వారాలకోసారి కొంచెం కలపాలి. ఇలా పన్నెండు వారాలు.

మా జిల్లాల్లో దీనికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది కుష్ఠు కాదు కదా? ఒడిశాలో కుష్ఠు ఇంకా పోలేదు. చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారి వంగుతుంటే, ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే, కసరత్తుతో వారాలు గడపకూడదు. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, త్వరగా మొదలుపెడితే చెయ్యి నిలుస్తుంది. సిగ్గుపడి ‘నరాల బలహీనత’ మాటున దాచుకుంటే వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు. బొటనవేలి మొదట కండ కరిగిపోతున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా, పొద్దున్నే కీళ్లు గంటకు మించి బిగుసుకుపోతున్నా కూడా వెంటనే డాక్టరు దగ్గరికే. ఎడమ చేయి లాగుతూ ఛాతీ బరువెక్కి చెమటలు పడితే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

సొంతంగా చేసుకునే చేతి కసరత్తు మన నేలకు కొత్త కాదు. కుష్ఠు సోకి వేళ్లు వంగినవాళ్లకు నూనె రాసి, రెండో చేత్తో వేళ్లు సాగదీసుకోవడం నేర్పిన ఆసుపత్రులు ఈ దేశంలో దశాబ్దాలుగా ఉన్నాయి. ఏ యంత్రం లేకుండా, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్న పద్ధతి అది. పిక్కలు వలిచే చేతులకు అదే శ్రద్ధ ఎందుకు దక్కకూడదు?

ఊళ్లలో ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు ఉన్నాయి. అక్కడి ఆరోగ్య అధికారికి, ఆశా కార్యకర్తకు ఈ నాలుగైదు కసరత్తులూ, పైన చెప్పిన ప్రమాద సూచనలూ నేర్పడం పెద్ద ఖర్చు కాదు. బొమ్మల కాగితం ఒడియాతోపాటు తెలుగులోనూ అచ్చవ్వాలి, సవర ఊళ్లలో సవరలో నోటితో చెప్పాలి. రెండో వారం, ఆరో వారం మళ్లీ పిలిచి చేయించి చూడాలి.

ఆ పన్నెండు వారాలూ జీడి పిక్కలు కొట్టే ఆడమనిషి అదే చేత్తో పనికి పోవాలి. కిలోల లెక్కన కూలిచ్చే చోట చెయ్యి ఆపితే డబ్బు ఆగుతుంది. కాబట్టి గంటకోసారి ఐదు నిమిషాల విరామం కూలి కోత లేకుండా ఇవ్వడం, కొట్టే పని నుంచి కొన్నాళ్లు ఏరే పనికి మార్చడం యజమాని బాధ్యత. కసరత్తు నేర్పించాం కదా అని ఆ బాధ్యతను ఎవరూ తప్పించుకోకూడదు.