సర్టిఫికెట్ మీద మా ఆఫీస్ పేరెందుకుంది?

మొన్నామధ్య లంచ్ టైమ్‌లో అమ్మ బయాప్సీ రిపోర్టు ఆఫీస్ ల్యాప్‌టాప్‌లోనే తెరిచాను, ఫోన్‌లో అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని. చదివాక ఎందుకో అనుమానమొచ్చి, అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి సైట్ సర్టిఫికెట్, అంటే ఆ సైట్ అసలుదేనని బ్రౌజర్‌కు చెప్పే డిజిటల్ ధ్రువపత్రం చూశాను. ఎవరు జారీ చేశారన్న చోట మా కంపెనీ పేరుంది.

అంటే ల్యాబ్ సైట్‌కీ నాకూ మధ్యలో ఆఫీస్ ప్రాక్సీ, అంటే ఇంటర్నెట్‌కు పోయే వచ్చే సమాచారమంతా దాటాల్సిన కంపెనీ సర్వర్ కూర్చుందన్నమాట. ల్యాప్‌టాప్ చేతికిచ్చే ముందే ఐటీ టీమ్ సొంత రూట్ సర్టిఫికెట్ (కంపెనీ జారీ చేసే మిగతా సర్టిఫికెట్లనూ నమ్మమని చెప్పే మూల సర్టిఫికెట్) అందులో వేసేస్తుంది కాబట్టి బ్రౌజర్ దాన్ని నమ్ముతుంది, ప్రాక్సీ ఏమో ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవకుండా వేసే తాళం) విప్పి, లోపలున్నది తనిఖీ చేసి, మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. మనం కొట్టే పాస్‌వర్డ్ కూడా ఆ దారినే పోతుంది. బ్యాంకు, ఆసుపత్రి సైట్లను చాలా కంపెనీలు ఈ తనిఖీ నుంచి తప్పిస్తాయి. మన దగ్గర తప్పించారా లేదా అన్నది మాత్రం మనకెవరూ చెప్పరు.

కంపెనీల భయం ఉత్తదేమీ కాదు. ఆఫీస్ పాస్‌వర్డే షాపింగ్ సైట్‌లోనూ పెట్టుకునేవాళ్లు మనలో బోలెడుమంది, అది అక్కడ లీకైతే దొంగ తిన్నగా ఆఫీస్ మెయిల్ మీదికే వస్తాడు. కానీ దీన్ని పట్టుకోవడానికి అన్నీ చదవక్కర్లేదు. గూగుల్ 2015లో తెచ్చిన పాస్‌వర్డ్ అలర్ట్ అనే క్రోమ్ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ గూగుల్ ఖాతా అసలు పాస్‌వర్డ్‌ను దాచుకోదు, దాని వేలిముద్ర లాంటిది మాత్రమే పెట్టుకుని, అదే పాస్‌వర్డ్ వేరే సైట్‌లో టైప్ చేస్తే హెచ్చరిస్తుంది. అవసరమైనంతే చూడటమంటే ఇదీ.

రొమేనియాలో బర్బులెస్కు అనే ఇంజినీర్ కథ మన ఐటీ వాళ్లంతా తెలుసుకోవాలి. కస్టమర్లతో మాట్లాడటానికి తెరిచిన యాహూ మెసెంజర్‌ను సొంతానికి వాడాడని 2007లో కంపెనీ అతన్ని తీసేసింది, సోదరుడితోనూ కాబోయే భార్యతోనూ మాట్లాడుకున్న మాటలు 45 పేజీలు ప్రింట్ తీసి మరీ. సొంత పనులకు వాడొద్దన్న రూల్ అతనికి తెలుసు. అయినా 2017 సెప్టెంబరులో యూరప్ మానవ హక్కుల కోర్టు 11–6 తేడాతో అతని పక్షానే నిలిచింది. ఎంతవరకు చూస్తారో, మెసేజ్‌ల లోపల ఉన్నది కూడా చదువుతారో అతనికి ముందే చెప్పలేదన్నది అందులో ముఖ్యమైన కారణం.

సరిగ్గా 'ముందే చెప్పడం' అన్న చోటే మన చట్టం చేతులెత్తేసింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తేల్చింది. 2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 7 మాత్రం ఉద్యోగ అవసరాలకూ, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికీ ఉద్యోగి సమ్మతే అక్కర్లేదంటుంది. నోటీసు ఇవ్వాలన్న నిబంధన సమ్మతి అడిగేటప్పటిది కాబట్టి, సమ్మతితో పాటే అదీ పోయింది. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తోంది. నిఘా పెట్టుకోనివ్వండి, కానీ ఏ సైట్లు విప్పుతున్నారు, లాగ్‌లు (ఎవరు ఏం చూశారన్న రికార్డులు) ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు అన్నవి చేరిన రోజే ఒక్క పేజీలో రాసివ్వాలి.

ఈ మూడూ మా ఐటీ టీమ్‌ను మెయిల్‌లో అడిగాను. మూడు వారాలైంది, జవాబు లేదు. అమ్మ రిపోర్టులు ఇప్పుడు ఫోన్‌లోనే చూస్తున్నాను, ఆఫీస్ వైఫై ఆపేసి, అక్షరాలు పెద్దవి చేసుకుని.